1934లో మనకో డిస్ట్రాయర్ కట్టి ఉంటే? స్ప్రింగ్‌షార్ప్‌లో నా ‘కృష్ణ’ డిజైన్, సలహాలు కావాలి

కృష్ణలంక_కుర్రోడు | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి. మెకానికల్ ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. రెండు వారాల కిందట స్ప్రింగ్‌షార్ప్ వేసుకున్నాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, అది ఉచితంగా దొరికే విండోస్ సాఫ్ట్‌వేర్. ఓడ పొడవు, వెడల్పు, నీళ్లలో మునిగే లోతు, గన్లు, ఇంజిన్, కావాల్సిన వేగం మనం ఇస్తాం. అది బరువులన్నీ లెక్కగట్టి ఆ ఓడ నిలబడుతుందా, అలలకు తట్టుకుంటుందా అని చెబుతుంది.

నా ఊహ ఇదీ. 1934 అక్టోబరు 2న రాయల్ ఇండియన్ మెరైన్ కాస్తా రాయల్ ఇండియన్ నేవీ అయింది. దాని దగ్గర స్లూప్‌లు (వర్తక ఓడలకు కాపలా వెళ్లే, వేగం తక్కువున్న యుద్ధనౌకలు), చిన్న ఓడలు ఉన్నాయి కానీ ఒక్క డిస్ట్రాయర్ (టార్పెడోలు మోసే వేగమైన యుద్ధనౌక) లేదు. విశాఖ రేవు అంతకు ముందు ఏడాదే మొదలైంది. ఆ రేవు కేంద్రంగా బంగాళాఖాతంలో తిరగడానికి ఒక డిస్ట్రాయర్ కట్టించి ఉంటే ఎలా ఉండేది? పేరు ‘కృష్ణ’ అని పెట్టాను.

పెద్ద దేశాలు తమ యుద్ధనౌకలకు హద్దులు పెట్టుకున్న 1930 లండన్ ఒప్పందం ప్రకారం మామూలు డిస్ట్రాయర్‌కు 1,500 టన్నులు హద్దు, గన్ 5.1 అంగుళాలు మించకూడదు. నేను 1,500 పూర్తిగా వాడేశాను. పొడవు 330 అడుగులు, వెడల్పు 33. జంట టరెట్లు మూడు, అంటే 4.7 అంగుళాల గన్లు ఆరు. అయిదేసి చొప్పున పది టార్పెడో ట్యూబులు. వేగం 38 నాట్లు, అంటే గంటకు సుమారు 70 కిలోమీటర్లు. 15 నాట్ల మీద 6,000 నాటికల్ మైళ్లు.

సాఫ్ట్‌వేర్ దాదాపు 48,000 హార్స్‌పవర్ కావాలంది. హల్ (ఓడ ఒళ్లు) బలం 1కి గాను 0.41 చూపించి ఎర్ర అక్షరాల్లో హెచ్చరించింది. ఓడ స్థిరత్వాన్ని చెప్పే కొలత, మెటాసెంట్రిక్ హైట్, 1.1 అడుగులు, ఒక ఊగుకు 13.8 సెకన్లు. కానీ ఓడ నెమ్మదిగా ఊగుతుంది, గన్లకు నిలకడ బాగుంటుంది అని కూడా రాసింది. అంటే హల్ బలం ఒక్కటి సరిచేసుకుంటే సరిపోతుందా?

బందరుకాలువ | శనివారం రాత్రి 9:40

పేరు బాగుంది తమ్ముడూ. ఒక మాట తెలుసో లేదో, కృష్ణ పేరుతో నిజంగానే ఒక యుద్ధనౌక ఉంది. ఇంగ్లీషువాళ్లు మన నదిని రాసిన పద్ధతిలో ‘కిస్ట్నా’. బ్లాక్ స్వాన్ తరగతి స్లూప్, 1943లో నీళ్లలోకి దిగింది. స్వాతంత్ర్యం తర్వాత ఐఎన్‌ఎస్ కిస్ట్నాగా మన దగ్గరే ఉండిపోయింది. దానికి తోబుట్టువు ‘గోదావరి’ కూడా ఉంది, అది విభజనలో పాకిస్తాన్‌కు వెళ్లి పేరు మార్చుకుంది. గోదావరి వెళ్లిపోయిందంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

కృష్ణలంక_కుర్రోడు | శనివారం రాత్రి 9:47

నిజంగా తెలియదు అన్నా! మా ఇంటి ముందు పారే నది పేరుతో యుద్ధనౌక ఉండేదని ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.

బ్రాడీపేట_లెక్కలటీచర్ | శనివారం రాత్రి 10:25

బాబూ, ముందు వేగం సంగతి చూద్దాం. నీ బరువంతా అక్కడే పోతోంది.

ఓడకు కావాల్సిన శక్తి ఉజ్జాయింపుగా వేగం ఘనంతో పెరుగుతుంది. 33 నాట్ల నుంచి 38కి వెళ్లాలంటే 38ని 33తో భాగించి ఘనం చెయ్యి. 1.53 వస్తుంది. అయిదు నాట్ల కోసం ఇంజిన్ ఒకటిన్నర రెట్లు పెరిగింది. ఇంజిన్ పెరిగితే బాయిలర్ గదులు పొడవవుతాయి, హల్ పొడవవుతుంది, మళ్లీ బరువు పెరుగుతుంది.

నిజానికి ఘనం లెక్క కూడా తక్కువే చెబుతుంది. బందరుకాలువ గారు చెప్పిన కిస్ట్నానే తీసుకో. అది బ్లాక్ స్వాన్‌ను కొంత మార్చిన రకం, దాదాపు 1,350 టన్నులు, 4,300 హార్స్‌పవర్, సుమారు 20 నాట్లు. 1930 ప్రాంతంలో బ్రిటన్ కట్టిన ‘ఏ’ తరగతి డిస్ట్రాయర్ కూడా 1,350 టన్నులే, కానీ 34,000 హార్స్‌పవర్, 35 నాట్లు. బరువు సమానం, శక్తి దాదాపు ఎనిమిది రెట్లు. ఘనం లెక్కన అయిదున్నర రెట్లు చాలాలి. మిగతాది అలలు లేపడానికి పోతుంది. సాఫ్ట్‌వేర్ రిపోర్టులో ‘నేచురల్ స్పీడ్’ అని ఉంటుంది చూడు, అది అడుగుల్లో ఉన్న పొడవుకు వర్గమూలం. 330 అడుగులకు 18 నాట్ల పైచిలుకు. అక్కడి దాకా ఓడ సులువుగా పోతుంది. అది దాటాక తను లేపిన అలను తనే ఎక్కుతూ పోవాలి. దాని కిందే, పూర్తి వేగంలో ఎంత శాతం శక్తి అలలకు పోతోందో రాసి ఉంటుంది. నీ డిజైన్‌లో అదెంతో చెప్పు.

కృష్ణలంక_కుర్రోడు | శనివారం రాత్రి 10:41

చూశాను మేడమ్. సగానికి పైనే పోతోంది.

ఆటోనగర్_బాడీబిల్డర్ | శనివారం రాత్రి 11:30

నాకు ఓడలు తెలియవు, లారీలు తెలుసు. మా నాన్నగారి కాలం నుంచి బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కడుతున్నాం. ఆ ‘నెమ్మదిగా ఊగుతుంది’ అన్నమాట చదివాక నిద్ర పట్టక రాస్తున్నా.

ఇనప చువ్వల లోడు వేసుకున్న లారీని చూడు. బరువంతా కిందే ఉంటుంది. చిన్న గతుక్కి కూడా టక్కున ఒరిగి టక్కున లేస్తుంది. డ్రైవరుకు నడుం విరుగుతుంది కానీ బండి పడదు. వరిగడ్డి లోడు లారీ అలా కాదు. మలుపులో మెల్లగా ఒరుగుతుంది, మెల్లగా లేస్తుంది. పక్కన నిలబడి చూసేవాడికి హాయిగా ఊయల ఊగినట్టు ఉంటుంది. డ్రైవరుకు మాత్రం గుండె నోట్లోకి వస్తుంది. ఎందుకంటే మెల్లగా లేస్తోందంటే లేవడానికి బలం చాలడం లేదని అర్థం. ఇంకొంచెం ఎత్తు వేస్తే అసలు లేవదు.

నీ ఓడ మీద అంత ఎత్తులో టరెట్లు, ట్యూబులు పెట్టావు. 13.8 సెకన్లు అంటే నాకు గడ్డి లారీ కనబడుతోంది.

బ్రాడీపేట_లెక్కలటీచర్ | శనివారం రాత్రి 11:44

సరిగ్గా చెప్పారండి. మీరు చెప్పినదాన్నే సూత్రంగా రాస్తే, అడుగుల్లో వెడల్పును 0.44తో గుణించి, మెటాసెంట్రిక్ హైట్ వర్గమూలంతో భాగించాలి. 33 అడుగుల వెడల్పు, 1.1 అడుగుల హైట్ వేస్తే 13.8 సెకన్లే వస్తుంది. హైట్ తగ్గేకొద్దీ ఊగు నెమ్మదిస్తుంది. సున్నాకు చేరితే ఓడ తిరిగి లేవదు.

పటమట_పాతనావికుడు | ఆదివారం ఉదయం 6:05

నేవీలో పదిహేనేళ్లు చేసి పటమటలో స్థిరపడ్డాను. ఆటోనగర్ మిత్రుడి మాటకు సముద్రంలో సాక్ష్యం ఉంది.

1934 మార్చి 12న జపాన్ టార్పెడో బోటు ‘తొమొజురు’ తుపానులో బోల్తా పడింది. చిన్న హల్ మీద పెద్ద ఓడకు పెట్టాల్సిన ఆయుధాలు ఎక్కించారు. ఒప్పందాల హద్దుల్లో ఉంటూనే ఎదుటివాడికంటే బలంగా ఉండాలన్న ఆశ అలా చేయించింది. తర్వాత ఏడాది, 1935 సెప్టెంబరు 26న, జపాన్ నాలుగో నౌకాదళం మరో తుపానులో చిక్కింది. ‘హత్సుయుకి’, ‘యూగిరి’ అనే రెండు డిస్ట్రాయర్ల ముక్కులు విరిగి కొట్టుకుపోయాయి. రెండూ ఫుబుకి తరగతివి. ఆరు గన్లు, తొమ్మిది ట్యూబులు, 50,000 హార్స్‌పవర్, 38 నాట్లు. నీ డిజైన్ పక్కన పెట్టి చూసుకో బాబూ. మొదటి ప్రమాదం మెటాసెంట్రిక్ హైట్‌ది, రెండోది హల్ బలానిది. నీ రిపోర్టులో ఆ రెండు అంకెలూ ఉన్నాయి.

ఓడ ఒక దూలం లాంటిది. రెండు అలల మధ్య చివర్లు రెండూ ఆని నడుము గాల్లో వేలాడినప్పుడు కిందికి వంగుతుంది. ఒకే అల నడుం కిందికి వచ్చినప్పుడు రెండు చివర్లూ వేలాడతాయి. ఒక్క రాత్రిలో ఇది కొన్ని వేల సార్లు జరుగుతుంది. 0.41ని చిన్న విషయంగా తీసుకోవద్దు.

మన బంగాళాఖాతం సంగతి వేరే చెప్పాలా? 1977 నవంబరు 19న దివిసీమ ఏమైందో మన జిల్లాలో ప్రతి ఇంటికీ తెలుసు. అక్టోబరు, నవంబరుల్లో ఆ నీళ్లలో తిరగాల్సిన ఓడ ఇది.

కృష్ణలంక_కుర్రోడు | ఆదివారం ఉదయం 8:20

మా అమ్మమ్మది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. ఆ రాత్రి గురించి ఆవిడ చెప్పిందంతా విని పెరిగాను. మీరు దివిసీమ పేరెత్తాక రిపోర్టులోని ఆ అంకెల్ని మామూలుగా చూడలేకపోయాను. డిజైన్ మొదటి నుంచి మళ్లీ మొదలుపెడుతున్నాను.

ఒక సందేహం. హల్ బలం తప్పనిసరిగా 1 రావాల్సిందేనా? 1 తేవాలంటే గన్లన్నీ తీసేయాల్సి వస్తోంది.

సూర్యలంక_అల | ఆదివారం ఉదయం 9:02

డిస్ట్రాయర్లకు అక్కర్లేదు. పెద్ద యుద్ధనౌకలకు 1 కొలమానం. డిస్ట్రాయర్లను పల్చటి రేకుతో, తక్కువ బరువుతోనే కట్టేవాళ్లు. నేను ఈ సాఫ్ట్‌వేర్ ఎనిమిదేళ్లుగా వాడుతున్నా. కొత్తవాళ్లందరికీ చెప్పే మాట ఒకటే, సొంత ఓడ గీసే ముందు నిజంగా కట్టిన ఓడ ఒకటి ఎక్కించి చూడండి. ‘ఏ’ తరగతి కొలతలు వేసి చూడు. మొత్తం పొడవు 323 అడుగులు, వెడల్పు 32 అడుగుల 3 అంగుళాలు, విడి గన్లు నాలుగు, ట్యూబులు ఎనిమిది, 35 నాట్లు. 15 నాట్ల మీద 4,800 మైళ్లు. దానికి వచ్చే హల్ బలమే నీ గీటురాయి. ఆ ఓడలు ఏళ్ల తరబడి అట్లాంటిక్‌లో తిరిగాయి కాబట్టి ఆ అంకె దగ్గర్లో ఉంటే నీ ఓడా తిరుగుతుంది.

ఇంకోటి, నువ్వు ‘టరెట్’ రకం ఎంచుకున్నావు. అది డెక్కు కింద దాకా దిగే నిర్మాణం, బరువు ఎక్కువ. అప్పటి బ్రిటిష్ డిస్ట్రాయర్లలో ముందు కవచపు రేకు ఉన్న విడి గన్లే ఉండేవి. డెక్కు మౌంటు ఎంచుకో.

కృష్ణలంక_కుర్రోడు | ఆదివారం ఉదయం 11:15

వేసి చూశాను అన్నా. ‘ఏ’ తరగతికి కూడా 1 కంటే బాగా తక్కువే వచ్చింది. నా 0.41 దానికి మూడింట రెండు వంతులు కూడా లేదు. ఇప్పుడు అర్థమైంది.

బందరుకాలువ | ఆదివారం మధ్యాహ్నం 12:30

అంకెలు సరే, నేను వేరే దారిలో వస్తాను. ఈ ఓడ ఏ పని కోసం?

1934లో కూర్చుని ఆలోచిద్దాం. తర్వాత జరిగింది మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. మన తీరంలో అప్పటికి గుర్తున్న భయం ఎమ్డెన్. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఆ జర్మన్ క్రూయిజర్ ఒక్కటే వచ్చి మద్రాసులో చమురు ట్యాంకులు తగలబెట్టి వెళ్లిపోయింది. దాని వేగం 24 నాట్లకు అటూఇటూ. అలాంటిదాన్ని తరమడానికి 38 నాట్లు దేనికి? 32, 33 ఉన్నా చుట్టుముట్టవచ్చు.

అసలు నన్నడిగితే డిస్ట్రాయరే అక్కర్లేదు. వర్తక ఓడల వెంట కాపలా వెళ్లేది స్లూప్. నిజ చరిత్రలో మన నేవీకి దక్కిందీ స్లూప్‌లే. కిస్ట్నాలో జంట మౌంటుల్లో 4 అంగుళాల గన్లు ఆరు ఉన్నాయి, విమానాల మీదికి కూడా పేల్చగలిగినవి. ‘ఏ’ తరగతి 4.7 అంగుళాల గన్ 30 డిగ్రీలకు మించి లేవదు, నెత్తి మీదికి వచ్చిన విమానాన్ని ఏం చేయగలదు?

పటమట_పాతనావికుడు | ఆదివారం మధ్యాహ్నం 1:10

మీరు 1934లో కూర్చోమన్నారు, మళ్లీ మీరే 1943 ఓడతో పోలుస్తున్నారు.

స్లూప్ గొప్ప ఓడే, కాదనను. కానీ తనకంటే పెద్ద ఓడను భయపెట్టే ఆయుధం దాని దగ్గర లేదు. టార్పెడో ఉంటేనే క్రూయిజర్ దగ్గరకు రావడానికి ఆలోచిస్తుంది. నాలుగు ట్యూబులైనా ఉండాలి, వాటిని వదిలే దూరానికి చేర్చే వేగమూ ఉండాలి. 20 నాట్ల ఓడకు అది సాధ్యం కాదు.

1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. అదే రోజు మన స్లూప్ ‘ఇండస్’ బర్మాలోని అక్యాబ్ దగ్గర విమానాల దాడిలో మునిగింది. ఆ వచ్చిన దళాన్ని ఒక్క డిస్ట్రాయర్ ఆపగలిగేదని నేను అనను. అయినా తీరంలో టార్పెడోలున్న మన ఓడ ఒక్కటీ లేకపోవడం నావికుడిగా నాకు బాధే.

బందరుకాలువ | ఆదివారం మధ్యాహ్నం 1:25

పోలిక విషయంలో తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. స్లూప్ మాట మాత్రం వదలను.

బ్రాడీపేట_లెక్కలటీచర్ | ఆదివారం మధ్యాహ్నం 3:00

దూరం లెక్క నేను చూశాను. విశాఖ నుంచి పోర్టు బ్లెయిర్ సుమారు 650 నాటికల్ మైళ్లు. మద్రాసు నుంచి రంగూన్ సుమారు వెయ్యి. వెళ్లి తిరిగి రావడానికి రెండు వేలు. దారిలో వెతుకులాటకు, తుపాను తప్పించుకోవడానికి అంతకు రెట్టింపు ఉంచుకున్నా 4,500 సరిపోతుంది. 6,000 కోసం మోసే అదనపు నూనె వృథా.

సూర్యలంక_అల | ఆదివారం మధ్యాహ్నం 3:20

నూనె విషయంలో ఒక జాగ్రత్త. స్టాండర్డ్ టన్నేజీలో నూనె, బాయిలర్ల రిజర్వు నీళ్లు లెక్కకు రావు, కాబట్టి ఒప్పందానికి ఇబ్బంది లేదు. అయితే నూనె ఉండేది ఓడ అడుగున. అది ఖర్చయ్యేకొద్దీ కింది బరువు తగ్గి ఓడ తల బరువెక్కుతుంది. 1944 డిసెంబరు 18న ఫిలిప్పీన్స్ దగ్గర తుపానులో అమెరికా డిస్ట్రాయర్లు మూడు బోల్తా పడ్డాయి, ‘హల్’, ‘మొనహన్’, ‘స్పెన్స్’. స్పెన్స్‌లో నూనె అడుగంటింది. ఖాళీ ట్యాంకుల్లోకి సముద్రపు నీళ్లు ఎక్కించుకుని ఉంటే కాస్త నిలబడేది. రిపోర్టులో కనిపించే మెటాసెంట్రిక్ హైట్ మామూలు లోడుకు. ఇంటికి తిరిగి వస్తున్న ఓడకు అంతకంటే తక్కువ ఉంటుంది. ఆ తేడాకు కూడా చోటు పెట్టుకో.

ఆటోనగర్_బాడీబిల్డర్ | ఆదివారం మధ్యాహ్నం 3:35

డీజిల్ ట్యాంకు అడుగున ఉన్న బండికి కూడా ఇదే. ఇంత పెద్ద ఓడకూ అదే సూత్రం వర్తిస్తుందని ఇవాళే తెలిసింది.

కృష్ణలంక_కుర్రోడు | ఆదివారం రాత్రి 10:50

మధ్యాహ్నం నుంచి ఇదే పని. అన్నం కూడా స్క్రీన్ ముందే తిన్నాను.

కొత్త ‘కృష్ణ’. నీటిమట్టం దగ్గర పొడవు 320 అడుగులు, వెడల్పు 33, లోతు పదిన్నర. బ్లాక్ కోఎఫిషియెంట్ (ఆ కొలతల పెట్టెలో ఓడ మునిగిన భాగం నింపే వంతు) 0.50. నాలుగూ గుణించి 35తో (టన్ను సముద్రపు నీళ్లు 35 ఘనపుటడుగులు) భాగిస్తే మామూలు లోడులో 1,584 టన్నులు. స్టాండర్డ్ 1,388. 4.7 అంగుళాల విడి గన్లు నాలుగు, ముందు రెండు వెనక రెండు. ట్యూబులు ఒకే వరసలో నాలుగు. ఒక్కో టార్పెడో ఒకటిన్నర టన్నుకు పైనే, అంత బరువు డెక్కు మీద నుంచి దిగింది. అందులో కొంత డెప్త్ చార్జీలకు (జలాంతర్గాముల మీద వేసే బాంబులు), ఆస్డిక్‌కు (వాటిని శబ్దంతో పసిగట్టే పరికరం) వాడాను. 28,000 హార్స్‌పవర్, 33 నాట్లు. 15 నాట్ల మీద 4,500 మైళ్లు.

ముందు డెక్కు, అంటే ఫోర్‌కాజిల్, ఎత్తు 15 అడుగుల నుంచి 18కి పెంచాను. హల్ బలం ‘ఏ’ తరగతికి వచ్చినదాని కంటే కొంచెం ఎక్కువే వచ్చింది. మెటాసెంట్రిక్ హైట్ 1.7 అడుగులు, ఊగు 11.1 సెకన్లు. ట్రిమ్ అనే సర్దుబాటు 50 నుంచి 40కి తగ్గించాను. గన్ల నిలకడ కొంత పోయినా ఓడ స్థిరంగా ఉంటుందని.

ఒక్కటే మిగిలింది. లండన్ ఒప్పందంలో బ్రిటిష్ కామన్వెల్త్ మొత్తానికి డిస్ట్రాయర్ల వాటా 1,50,000 టన్నులు. అందులోంచి భారత్‌కు ఇచ్చేవాళ్లా?

పటమట_పాతనావికుడు | సోమవారం ఉదయం 6:15

కెనడాకు ఇచ్చారు కదా. ‘సాగెనే’, ‘స్కీనా’ అని ‘ఏ’ తరగతిని మార్చి రెండు కట్టారు, 1931లో చేరాయి. ఆ దేశం కోసమే ప్రత్యేకంగా కట్టిన మొదటి యుద్ధనౌకలు అవే. మంచుగడ్డలు తగిలినా తట్టుకునేలా హల్ గట్టి చేశారు, స్థిరత్వం పెంచారు. రెండూ నదుల పేర్లే. వాళ్ల మంచుకు వాళ్లు మార్చుకున్నారు. మన తుపానుకు మనం ఎందుకు మార్చుకోకూడదు?

నిజంలో మన మొదటి డిస్ట్రాయర్ల కోసం 1949 దాకా ఆగాల్సి వచ్చింది. బ్రిటన్ యుద్ధంలో వాడినవి మూడు, ‘రాజ్‌పుత్’, ‘రంజిత్’, ‘రాణా’. 1971లో విశాఖ బయట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కథలో వినే రాజ్‌పుత్ ఆ ముసలి ఓడే.

ఇక నీ డిజైన్‌లో ఒక లోటు ఉంది. ఇది ఇంగ్లండ్ చలికి కట్టిన ఓడ కాదు. మే నెలలో విశాఖలో బాయిలర్ గది పక్కన పడుకోవాల్సిన మనుషుల గురించి ఆలోచించు. నేను పడుకున్నాను. గాలి గొట్టాలు, పెద్ద ఫ్యాన్లు, డెక్కు మీద పందిరి గుడ్డలు, వాటి గుంజలు, మంచినీళ్లు తయారుచేసే యంత్రం ఇంకొకటి. వీటికి మిసలేనియస్ బరువు కింద కనీసం 12 టన్నులు వెయ్యి. సగం డెక్కుకు పైన పడుతుందని గుర్తుంచుకో.

బందరుకాలువ | సోమవారం ఉదయం 8:40

కెనడా ఉదాహరణ నాకు తెలియదు మాస్టారూ. రెండు కట్టే పనైతే రెండోదానికి ‘గోదావరి’ అనే పెట్టాలి. ఈసారి అది మన దగ్గరే ఉంటుంది.

కృష్ణలంక_కుర్రోడు | సోమవారం రాత్రి 9:30

12 టన్నులు వేశాను సార్. స్టాండర్డ్ సరిగ్గా 1,400 అయింది. లోతు ఒక అంగుళం పెరిగింది, మెటాసెంట్రిక్ హైట్ 1.7 నుంచి 1.65కి వచ్చింది. వేగం 33 దగ్గరే నిలిచింది. నూనె అడుగంటినప్పటి లెక్క చేత్తో వేస్తున్నాను, టీచర్ గారు ఒకసారి సరిచూడాలి. కృష్ణ, గోదావరి రెండిటి ఫైలూ ఇక్కడ పెట్టాను.

ఆటోనగర్_బాడీబిల్డర్ | సోమవారం రాత్రి 9:52

పందిరి గుంజలు తీసి మడిచేలా పెట్టావా? తుపానులో గాలి పట్టేది ముందు వాటికే.

కృష్ణలంక_కుర్రోడు | సోమవారం రాత్రి 9:55

పెట్టలేదు బాబాయ్. ఓడ పక్క నుంచి కనిపించే బొమ్మ గీసేటప్పుడు మడిచేలాగే గీస్తాను.